క్లబ్బు ఎవరిది? హైదరాబాదు ఫుట్‌బాల్ యాజమాన్యం, జమాఖర్చులు, అభిమానుల చర్చ (1950–2025)

వ్యాససంగ్రహం

హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రను ఇంతవరకు ఎక్కువగా విజయాల చరిత్రగా, ప్రసిద్ధ క్రీడాకారుల చరిత్రగా రాశారు. జట్టును పోషించినది ఎవరు, ఆటగాడికి జీతం ఏ పద్దునుండి వచ్చింది, నష్టం వచ్చినపుడు దాన్ని ఎవరు భరించారు అనే ప్రశ్నలు వెనుకబడి ఉన్నాయి. 1950లలో దేశాన్ని ఏలిన హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు, 2019లో ఏర్పడి 2022లో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచి 2025లో ఢిల్లీకి తరలిపోయిన హైదరాబాదు ఎఫ్.సి. అనే రెండు ఉదాహరణలను ఈ వ్యాసం యాజమాన్యదృష్టితో పరిశీలిస్తుంది. కలకత్తా సభ్యత్వ క్లబ్బులను, యూరోపు అనుభవాలను తులనాత్మకంగా తీసుకుంటుంది. అభిమానుల చర్చ ఫలించాలంటే ఆవేశంతోపాటు లెక్కలు చూసే హక్కు, క్లబ్బు నిర్ణయాల్లో నిలదీసే స్థానం ఉండాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫుట్‌బాల్ చరిత్ర, హైదరాబాదు సిటీ పోలీస్, సయ్యద్ అబ్దుల్ రహీం, ఫ్రాంచైజీ, సభ్యత్వ క్లబ్బు, వేతన బకాయిలు, అభిమానులు, స్టూవర్టుపురం.

1. ప్రవేశిక

క్రీడాచరిత్రలో ‘క్లబ్బు’ అనే మాట ఒకేసారి మూడు విషయాలను సూచిస్తుంది. మైదానంలో దిగే పదకొండుమంది మొదటిది. ఆ పదకొండుమందికి జీతమిచ్చి, ప్రయాణాలు ఏర్పాటు చేసి, పోటీలో పేరు నమోదు చేయించే సంస్థ రెండవది. ఆ పేరును తమదిగా భావించి వెంట నడిచే జనం మూడవది. జట్టు గెలుస్తున్నంతకాలం ఈ మూడింటి మధ్య తేడా కనిపించదు. జీతాలు ఆగినపుడు, యజమాని మారినపుడు, జట్టు ఊరు వదిలిపోయినపుడు మాత్రమే ‘క్లబ్బు ఎవరిది?’ అనే ప్రశ్న పైకి వస్తుంది. తెలుగునేలపై ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా ఎదురైన సందర్భం హైదరాబాదు ఎఫ్.సి. ఉదంతం. అయితే ఆ ప్రశ్న 2023లో పుట్టినది కాదు. దాని మూలాలు 1950ల నాటి పోషణవిధానంలోనే ఉన్నాయి. అందువల్ల ఆ కాలంనుండి మొదలుపెట్టి విషయాన్ని పరిశీలించడం సమంజసం.

2. శాఖాపోషణ: హైదరాబాదు సిటీ పోలీస్

2.1 విజయపరంపర

హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్‌బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. అదే ఏడాదినుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును సొంతం చేసుకుంది. డ్యూరాండ్ కప్పు 1954, 1957, 1961 సంవత్సరాల్లోనూ ఈ పోలీసు జట్టుకే దక్కింది. 1961 నాటికి దాని పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. రాష్ట్ర జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీలో హైదరాబాదు 1956–57, 1957–58 సంవత్సరాల్లోను, ఆంధ్రప్రదేశ్ 1965–66లోను విజేతలుగా నిలిచాయి.

ఈ విజయాలకు సూత్రధారి సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం ఒకవైపు పోలీసు జట్టుకు, మరొకవైపు భారతజట్టుకు శిక్షకుడుగా పనిచేశారు. ఆయన శిక్షణలోనే భారత్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాపై 2–1 తేడాతో మరొక స్వర్ణం సాధించింది. రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా కూడ వ్యవహరించారు. అంటే శిక్షకుడు, పాలకుడు అనే రెండు బాధ్యతలు ఒకే వ్యక్తిలో కలిశాయి.

2.2 జీతం ఏ పద్దునుండి?

పోలీసు జట్టుకు ‘యజమాని’ అంటూ ప్రత్యేకంగా ఎవరూ లేరు. ఆటగాడు పోలీసు శాఖలో ఉద్యోగి. అతని జీతం ప్రభుత్వ పద్దునుండి వస్తుంది. జట్టు ఓడినా ఆ జీతం ఆగదు. ఆట విరమించిన తరువాత కూడ ఉద్యోగం మిగులుతుంది. టికెట్ల రాబడి, ప్రకటనల రాబడి ఆటగాడి ఇంటి పొయ్యితో సంబంధం లేనివి. నగరంలోని పేద కుటుంబాల యువకులకు బంతి ఒక ఉద్యోగద్వారంగా కనిపించడానికి కారణం ఈ భద్రతే.

ఈ విధానంలో ఒక పరిమితి కూడ ఇమిడి ఉంది. జట్టు బాగోగులు శాఖాధికారుల ఆసక్తిపై, నియామక విధానాలపై ఆధారపడ్డాయి. అధికారి మారితే ప్రాధాన్యం మారవచ్చు. క్రీడాకారుల కోటాలో భర్తీ తగ్గితే జట్టు వయసు మీరుతుంది. జట్టును చూడడానికి వేలమంది వచ్చినా, వారిలో ఎవరికీ దాని నిర్వహణపై మాట్లాడే అధికారికస్థానం లేదు. అభిమాని చప్పట్లు కొట్టగలడు, నిట్టూర్చగలడు. నియామకాలు ఎందుకు ఆగాయని అడిగే వేదిక మాత్రం అతనికి లేదు.

2.3 కలకత్తా వలస

శాఖాజీతం భద్రతనిచ్చినా ప్రతిభకు తగిన విలువను ఇవ్వలేకపోయింది. కలకత్తా క్లబ్బులకు ఉన్న ప్రేక్షకబలం, ధనబలం, ప్రతిష్ఠ హైదరాబాదు ఆటగాళ్లను ఆకర్షించాయి. సికింద్రాబాదు ప్రాంతానికి చెందిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. ముహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివారు కలకత్తా మైదానాల్లోనే దేశవ్యాప్త కీర్తి పొందారు. 1977లో పేలే సభ్యుడుగా వచ్చిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్‌బగాన్ 2–2తో సమంగా ముగించిన ఆటలో ఒక గోలు హబీబ్‌ది.

ఈ వలసను వ్యక్తుల ఎంపికగా మాత్రమే చూడడం చాలదు. ఆటగాళ్లను తయారుచేసిన నగరం వారిని నిలుపుకోగల సంస్థను తయారుచేసుకోలేదు. 1963లో రహీం మరణించారు. ఆయన వ్యక్తిగా నిర్వహించిన బాధ్యతలను ఆయన తరువాత సంస్థగా నిర్వహించగలిగే సభ్యత్వ క్లబ్బు ఏదీ నగరంలో అంత బలంగా లేకపోయింది. శాఖ ఆసక్తి తగ్గినకొద్దీ జట్టు కూడ క్షీణించింది.

3. సభ్యత్వ క్లబ్బు: కలకత్తా నమూనా

1889లో ఏర్పడిన మోహన్‌బగాన్, 1920లో ఏర్పడిన ఈస్ట్ బెంగాల్ సభ్యుల క్లబ్బులు. సభ్యుడు చందా కడతాడు, కార్యవర్గాన్ని ఎన్నుకుంటాడు, సర్వసభ్య సమావేశంలో లెక్కలు అడుగుతాడు. ఈ ప్రజాస్వామ్యం ఆచరణలో ఎంత నిజమనే చర్చ ఎప్పుడూ ఉంది. కొన్ని కుటుంబాలు, కొన్ని వర్గాలు దశాబ్దాలపాటు పీఠం పట్టుకుని ఉండడం కలకత్తాకు కొత్త కాదు. అయినా, నిలదీయడానికి ఒక చట్టబద్ధమైన స్థలం అక్కడ ఉంది.

చందాలతో వృత్తిజట్టును పోషించడం అసాధ్యమైనపుడు ఈ క్లబ్బులు వ్యాపారసంస్థలను ఆశ్రయించాయి. 1998లో యు.బి. గ్రూప్ రెండు క్లబ్బుల ఫుట్‌బాల్ జట్లలోనూ భాగస్వామి అయింది. 2020 జనవరిలో ఆర్.పి. సంజీవ్ గోయెంకా గ్రూప్ మోహన్‌బగాన్ ఫుట్‌బాల్ విభాగంలో 80 శాతం వాటా తీసుకుంది. తమ అట్లెటికో కోల్‌కతా జట్టు సంక్షిప్తనామాన్ని తెచ్చి మోహన్‌బగాన్ పేరుకు ముందు చేర్చింది. నూరేళ్లు దాటిన పేరు ముందు మరో జట్టు పేరు ఉండడాన్ని అభిమానులు సహించలేదు. దాన్ని తొలగించాలని మూడేళ్లపాటు ఉద్యమించారు. 2023 మార్చిలో లీగ్ టైటిల్ గెలిచిన రోజున ఆ పేరును తొలగిస్తున్నట్లు సంజీవ్ గోయెంకా ప్రకటించారు.

ఈస్ట్ బెంగాల్‌లో వివాదం మరొక రూపం తీసుకుంది. 2020లో పెట్టుబడిదారుగా వచ్చిన శ్రీ సిమెంట్‌తో తుది ఒప్పందంపై సంతకం చేయడానికి క్లబ్బు కార్యవర్గం నిరాకరించింది. సంతకం పెట్టాలని ఒక వర్గం, సభ్యుల హక్కులు పోతాయని మరొక వర్గం 2021 జులై 21న క్లబ్బు ముంగిట తలపడ్డాయి. పోలీసులు లాఠీలు ఝళిపించారు. అభిమానులందరిదీ ఒకే అభిప్రాయమనే భ్రమను ఈ సంఘటన తొలగిస్తుంది. డబ్బు కావాలి, హక్కు కూడ కావాలి. రెండింటిలో ఏది ముందు అన్నచోట అభిమానులే రెండుగా చీలారు.

4. ఫ్రాంచైజీ: హైదరాబాదు ఎఫ్.సి.

4.1 లీగ్ నిర్మాణం

2010 డిసెంబరులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్యహక్కులను 15 ఏళ్లకు, 700 కోట్ల రూపాయలకు ఐ.ఎం.జి.-రిలయన్స్‌కు అప్పగించింది. ఆ ఒప్పందం ఫలితంగానే 2014లో ఎనిమిది జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. ఇది ఫ్రాంచైజీ పద్ధతి. ఒక పెట్టుబడిదారు ఒక నగరం పేరుతో జట్టును నడిపే హక్కును కొనుక్కుంటాడు. జట్టు కట్టే రుసుము, ఆటగాళ్ల జీతాలు, స్టేడియం అద్దె, ప్రయాణాలు ఖర్చుల వైపు ఉంటాయి. లీగ్ పంపకంలో వాటా, ప్రకటనదారులు, టికెట్లు, ఆటగాళ్ల బదిలీ రాబడి జమ వైపు ఉంటాయి. భారతదేశంలో ఈ రెండు వైపులు సమం కావడం అరుదు. ఆ లోటును ఏటా యజమాని తన ఇతర వ్యాపారాలనుండి పూడ్చవలసి వస్తుంది. కాబట్టి ఆ యజమాని ఇతర వ్యాపారాల ఆరోగ్యమే జట్టు ఆరోగ్యం అవుతుంది.

కంపెనీ పోషణలోని జట్లు ఇలా అంతరించడం ఇంతకుముందు కూడ చూశాము. మహీంద్రా యునైటెడ్ 2010లో, జె.సి.టి. 2011లో తమ జట్లను మూసివేశాయి. అయితే అవి కంపెనీల పేర్లతో ఆడిన జట్లు. ఫ్రాంచైజీ ఒక నగరం పేరుతో ఆడుతుంది. నగరం పేరు వాడుకునే హక్కు కంపెనీకి దక్కుతుంది. ఆ కంపెనీపై నగరానికి మాత్రం ఏ హక్కూ ఉండదు. ఫ్రాంచైజీ పద్ధతిలోని మౌలికమైన అసమానత ఇదే.

4.2 తెలుగు పెట్టుబడి, తెలుగు జట్టు

తెలుగువారి పెట్టుబడి సూపర్ లీగ్‌లోకి మొదట ప్రవేశించినది హైదరాబాదు ద్వారా కాదు. 2016లో సచిన్ టెండూల్కర్‌తోపాటు నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ కేరళ బ్లాస్టర్స్‌లో భాగస్వాములయ్యారు. ఆనాటికి తెలుగు రాష్ట్రాల పేరుతో లీగ్‌లో జట్టు లేదు.

2019లో పుణె జట్టు మూతపడడంతో ఆ స్థానం ఖాళీ అయింది. పుణె జట్టు యజమానులైన వాధవాన్ సంస్థల ఆర్థికసంక్షోభం ఆ మూతకు నేపథ్యం. ఆ ఖాళీలో 2019 ఆగస్టు 27న హైదరాబాదు ఎఫ్.సి. ప్రకటన వెలువడింది. విజయ్ మద్దూరి, కేరళ బ్లాస్టర్స్ మాజీ ముఖ్య కార్యనిర్వాహకుడు వరుణ్ త్రిపురనేని యజమానులు. తరువాత సినీనటుడు రానా దగ్గుబాటి సహయజమానిగా చేరారు. ఇక్కడ గమనింపదగినది ఒకటుంది. హైదరాబాదుకు జట్టు వచ్చినది మరొక నగరం తన జట్టును కోల్పోవడం వలన. పుణె అభిమానుల నష్టం నాడు హైదరాబాదులో పెద్దగా చర్చకు రాలేదు. ఆరేళ్ల తరువాత అదే నష్టం హైదరాబాదు వంతైంది.

4.3 ఇంటికి రాని విజయం

మొదటి ఏడాది జట్టు 18 ఆటల్లో రెండే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. ఆ తరువాతి రెండు సీజన్లు కోవిడ్ కారణంగా పూర్తిగా గోవాలో జరిగాయి. స్పెయిన్‌కు చెందిన మానొలో మార్కెజ్ శిక్షణలో, నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఒగ్బెచె గోళ్లతో జట్టు పుంజుకుంది. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన అంతిమపోరు 1–1తో ముగిసింది. పెనాల్టీల్లో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపడంతో హైదరాబాదు 3–1తో నెగ్గింది. మరుసటి ఏడాది లీగ్ పట్టికలో రెండో స్థానం దక్కింది.

క్రీడాపరంగా ఇది అద్భుతం. ఆర్థికంగా చూస్తే చిత్రం వేరు. విజేతగా నిలిచిన సీజన్లో గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలో ఒక్క లీగ్ ఆట కూడ జరగలేదు. మొదటి ఏడాది జట్టును చూసిన ప్రేక్షకుడు ఓటములే చూశాడు. గెలుపులు మొదలైనపుడు అతనికి మిగిలినది టీవీ తెర. అభిమానం వేళ్లూనుకోవలసిన రెండేళ్లు, టికెట్ల రాబడి పెరగవలసిన రెండేళ్లు అలా గడిచిపోయాయి. కొత్త క్లబ్బుకు ఇది పూడ్చుకోలేని లోటు.

4.4 బకాయిలు, నిష్క్రమణ

2023–24 సీజన్ నాటికి వేతన బకాయిల ఫిర్యాదులు బయటపడ్డాయి. కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం పడింది. ఈ నిషేధం పనిచేసే తీరు తెలుసుకోవడం అవసరం. బకాయి ఉన్నదని ఫిఫా నిర్ణయించిన తరువాత కూడ క్లబ్బు చెల్లించకపోతే, చెల్లించేవరకు లేదా నిర్ణీత కాలంవరకు కొత్తవారిని నమోదు చేసుకునే వీలుండదు. మరొకవైపు, 2018నుండి అమలులో ఉన్న ఫిఫా నిబంధన ప్రకారం రెండునెలల జీతం అందని ఆటగాడు క్లబ్బుకు రాతపూర్వకంగా తాఖీదు ఇచ్చి, కనీసం 15 రోజుల గడువు ముగిశాక తన ఒప్పందాన్ని రద్దుచేసుకోవచ్చు.

ఈ రెండు నిబంధనలూ ఆటగాడిని కాపాడడానికే ఉన్నాయి. కాని రెండూ ఒకేసారి వర్తించినపుడు క్లబ్బు లోపలికి ఎవరూ రాలేరు, బయటికి ఎవరైనా పోవచ్చు. హైదరాబాదుకు జరిగినది అదే. విదేశీ ఆటగాళ్లు, సీనియర్లు వెళ్లిపోగా తంగ్‌బోయ్ సింగ్టో శిక్షణలో మిగిలిన యువకులు సీజన్‌ను పూర్తిచేశారు. 22 ఆటల్లో ఒకటే గెలుపు, ఐదు డ్రాలు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. జీతం సంగతి తేలని పరిస్థితిలో కూడ ఆ కుర్రాళ్లు ప్రతివారం మైదానంలోకి దిగారన్నది ఈ చరిత్రలో గౌరవంగా నమోదు కావలసిన విషయం.

సూపర్ లీగ్‌లో చివరిస్థానం వచ్చిన జట్టు కింది శ్రేణికి దిగిపోయే పద్ధతి అప్పటికి అమలు కాలేదు. కాబట్టి చివరి స్థానం వల్ల హైదరాబాదు లీగ్‌నుండి తొలగిపోలేదు. జట్టు భవితవ్యాన్ని పాయింట్ల పట్టిక నిర్ణయించలేదు, పద్దుపుస్తకం నిర్ణయించింది.

4.5 తరలింపు

2024లో బి.సి. జిందాల్ గ్రూప్ క్లబ్బును తీసుకున్నది. విచిత్రమేమంటే, అదే ఏడాది హైదరాబాదు అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు వేదికైంది. సెప్టెంబరులో భారత్, సిరియా, మారిషస్ జట్ల ఇంటర్ కాంటినెంటల్ కప్పు, నవంబరులో భారత్–మలేసియా ఆట గచ్చిబౌలిలో జరిగాయి. నగరంలో స్టేడియం ఉంది, ఆట ఉంది. క్లబ్బు మాత్రం నిలవలేదు. 2025 అక్టోబరులో హైదరాబాదు ఎఫ్.సి. ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. దీనితో దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో తెలుగు రాష్ట్రాల ప్రాతినిధ్యం ముగిసింది.

5. అభిమానుల చర్చ: వాదాలు, ఆధారాలు

హైదరాబాదు ఎఫ్.సి.కి ‘డెక్కన్ లెజియన్’ అనే అభిమానబృందం ఉండేది. యాజమాన్యంపై ఇటువంటి బృందాల్లోను, సాధారణ ప్రేక్షకుల్లోను సాగే చర్చను మూడు వాదాలుగా వర్గీకరించవచ్చు.

మొదటిది ధనిక యజమాని వాదం. కోట్లు ఉన్నవాడు రావాలి, అతడే రక్షకుడు అనేది దీని సారాంశం. ఇది తక్షణావసరాన్ని గుర్తిస్తుంది. బకాయిలు తీరాలంటే డబ్బు కావాలి. కాని కొన్నవాడికి అమ్ముకునే హక్కు, తరలించుకునే హక్కు కూడ ఉంటాయన్న సంగతిని ఇది పక్కన పెడుతుంది. 2024లో కొత్త యజమాని రాక, 2025లో క్లబ్బు పోక అనే రెండు పరిణామాలు ఒకే అధికారంనుండి వచ్చాయి.

రెండవది స్థానికత వాదం. యజమాని మనవాడైతే క్లబ్బు మనదిగా ఉంటుందని ఇది నమ్ముతుంది. హైదరాబాదు ఎఫ్.సి. తొలి యజమానులు తెలుగువారే. అయినా వేతన సంక్షోభం తప్పలేదు. కేరళ బ్లాస్టర్స్‌లో తెలుగు పెట్టుబడి ఉన్నా ఆ క్లబ్బు కేరళ జనంతోనే మమేకమైంది. యజమాని ఏ ప్రాంతంవాడన్నదానికంటే అతనిని కట్టిపడేసే నిబంధన ఏమున్నదన్నదే ముఖ్యమని ఈ రెండు ఉదాహరణలు చెబుతున్నాయి.

మూడవది ప్రభుత్వ వాదం. 1950లలో వలె ప్రభుత్వశాఖలు జట్లను పోషించాలని ఇది కోరుతుంది. ఉద్యోగభద్రత దృష్ట్యా ఈ వాదానికి బలముంది. అయితే శాఖాపోషణలో అభిమానికి నోరులేదనీ, వృత్తిజట్ల మార్కెట్టుతో అది పోటీ పడలేకపోయిందనీ పైన చూశాము.

ఈ మూడు వాదాలకూ ఒక సామాన్యలోపం ఉంది. మూడూ ‘ఎవరు’ అనే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. లెక్కలు ఎవరికి చూపాలి అనే ప్రశ్నను అవి అడగవు. యాజమాన్యరూపం మారినపుడు అభిమానికి దొరికే కాగితం కూడ మారుతుంది. శాఖాజట్టు ఖర్చు ప్రభుత్వ బడ్జెట్టులో భాగం. అది శాసనసభ ముందుకు వస్తుంది. సభ్యత్వ క్లబ్బు లెక్క సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. ఫ్రాంచైజీ కంపెనీ లెక్క కంపెనీల రిజిస్ట్రారు వద్దకు చేరుతుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీలు కూడ వార్షిక ఆర్థిక నివేదికలను దాఖలు చేయవలసి ఉంది. నిర్ణీత రుసుము చెల్లించి వాటిని ఎవరైనా చూడవచ్చు. ప్రభుత్వ స్టేడియాన్ని జట్టుకు ఏ షరతులపై ఇచ్చారో తెలుసుకోవడానికి 2005 సమాచారహక్కు చట్టం ఉంది.

అంటే అభిమాని పూర్తిగా చీకట్లో లేడు. నష్టం ఎంత, అప్పు ఎవరినుండి తెచ్చారు, ఉద్యోగుల జీతాల పద్దు ఏటా ఎలా మారింది అనే వివరాలు కంపెనీ పత్రాల్లో దొరుకుతాయి. వాటికి ఉన్న లోపం కాలవిలంబం. ఆర్థికసంవత్సరం ముగిసిన కొన్ని నెలలకు గాని ఆ పత్రాలు అందుబాటులోకి రావు. ఆటగాడి జీతం ఈ నెల ఆగితే, ఆ సంగతి పత్రంలో కనిపించేసరికి ఆటగాడు క్లబ్బు వదిలి వెళ్లి ఉంటాడు. అందువల్ల పత్రాల పరిశీలన అవసరమే గాని, సరిపోదు.

6. ప్రపంచానుభవం: మూడు పాఠాలు

జర్మనీలో 1998లో క్లబ్బులు తమ ఫుట్‌బాల్ విభాగాలను కంపెనీలుగా మార్చుకోవడానికి అనుమతి లభించింది. అయితే సగానికి పైన ఒక ఓటు అదనంగా మాతృసంఘం వద్దే ఉండాలని నిబంధన పెట్టారు. బయటి పెట్టుబడి రావచ్చు, అధికారం సభ్యులదే. బాయర్ లెవర్కుసెన్, వోల్ఫ్స్‌బర్గ్ వంటి కర్మాగార జట్లకు మినహాయింపు ఇచ్చారు. ఒక సంస్థ దీర్ఘకాలం పోషించిన జట్టు చరిత్రను చట్టం గుర్తించవచ్చునని ఈ మినహాయింపు సూచిస్తుంది. హైదరాబాదు పోలీసు జట్టువంటి వాటి గురించి ఆలోచించేవారికి ఇది ఆసక్తికరమైన పోలిక.

ఇంగ్లండులో 2002లో వింబుల్డన్ జట్టు మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలడానికి ఫుట్‌బాల్ సంఘం నియమించిన కమిషన్ అనుమతించింది. అభిమానులు ఆ జట్టును వదిలి అదే ఏడాది ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ అనే కొత్త క్లబ్బును తామే స్థాపించుకున్నారు. అట్టడుగు శ్రేణులనుండి మొదలైన ఆ క్లబ్బు 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేరింది. దీనికి తోడ్పడినది అక్కడి అంచెల వ్యవస్థ. గెలిచినకొద్దీ పైకి పోయే నిచ్చెన ఉన్నచోట అభిమానులు మళ్లీ మొదలుపెట్టగలరు. ప్రవేశం పెట్టుబడితో ముడిపడినచోట అది కష్టం.

ఇంగ్లండు 2025లో ఫుట్‌బాల్ పాలనా చట్టాన్ని తెచ్చి స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరచింది. క్లబ్బు యజమానుల అర్హత, ఆర్థికస్థితి, సొంత మైదానాన్ని వదలడం, అభిమానులతో సంప్రదింపు వంటివి దాని పరిధిలోకి వచ్చాయి. భారతదేశంలో అదే ఏడాది వచ్చిన జాతీయ క్రీడాపాలన చట్టం ప్రధానంగా క్రీడాసమాఖ్యలకు సంబంధించినది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు రూపొందించిన ఫుట్‌బాల్ సమాఖ్య నియమావళి ముసాయిదాను 2025 సెప్టెంబరు 19న సుప్రీంకోర్టు ధర్మాసనం కొన్ని మార్పులతో ఆమోదించింది. మాజీ క్రీడాకారులకు సమాఖ్యలో స్థానం కల్పించడం అందులోని ముఖ్యాంశం. ఆట ఆడినవారి గొంతు ఈ విధంగా లోపలికి వచ్చింది. ఆట చూసేవారి గొంతు ఇంకా బయటే ఉంది.

7. కోస్తానుండి చూస్తే: స్టూవర్టుపురం

హైదరాబాదు క్లబ్బు తరలింపును నగరాభిమానుల బాధగా మాత్రమే చూస్తే దాని విస్తృతి అర్థం కాదు. కోస్తా ఆంధ్రలోని ఒక గ్రామంనుండి చూస్తే మరొక కోణం తెరుచుకుంటుంది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం నేరస్థ తెగల చట్టం కింద వలసరాజ్య ప్రభుత్వం ఏర్పరచిన సెటిల్‌మెంటు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరును దానికి పెట్టారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అక్కడ స్థిరపరచిన ఎరుకల కుటుంబాలకు తమ ఊరి నిర్వహణలో గొంతు లేదు. 1952లో ఆ చట్టం రద్దైనా పడిన ముద్ర చాలాకాలం చెరగలేదు.

ఆ ఊరికి దేశం వేరొక గుర్తింపునిచ్చిన సందర్భాల్లో క్రీడ ఒకటి. స్టూవర్టుపురానికి చెందిన రాగాల వెంకట రాహుల్ 2014 నాన్‌జింగ్ యువ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగులో రజతం గెలిచాడు. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం సాధించాడు. వెయిట్‌లిఫ్టింగులో ఊరినుండి దేశందాకా పోయే నిచ్చెన వ్యక్తి బలంపై ఆధారపడి ఉంటుంది. ఎంత బరువు ఎత్తాడన్నది ఏ యజమానీ మార్చలేని లెక్క. ఫుట్‌బాల్ అలా కాదు. పదకొండుమంది, లీగ్, క్లబ్బు లేకుండా ప్రతిభ పైకి రాదు. బాపట్ల, తెనాలి, రేపల్లె ప్రాంతపు కుర్రాడు బంతితో ఎంత నేర్పు చూపినా, అతని నిచ్చెన పై మెట్టు ఏదో ఒక క్లబ్బు కార్యాలయంలో ఉంటుంది. ఆ కార్యాలయం మూతపడితే అతని దారి కూడ మూతపడుతుంది.

ఆంధ్రప్రదేశ్ విషయంలో మరొక సంగతి ఉంది. 2020లో ఐ-లీగ్ ప్రవేశానికి సమాఖ్య కమిటీ సిఫారసు చేసిన శ్రీనిధి ఎఫ్.సి. విశాఖపట్నం పేరుతో ఎంపికైనది. శ్రీనిధి డెక్కన్‌గా ఆ జట్టు హైదరాబాదు శివార్లలోని సొంత మైదానాన్ని కేంద్రంగా చేసుకుంది. 2022–23, 2023–24 సీజన్లలో రెండోస్థానంలో నిలిచి, ఒక్క మెట్టు తేడాతో పైలీగ్ అవకాశాన్ని పోగొట్టుకుంది. విద్యాసంస్థ నేపథ్యం, సొంత మైదానం ఉండడం ఆ క్లబ్బుకు స్థిరత్వాన్నిచ్చాయి. కాని విశాఖ అభిమానికి దక్కినది కాగితంపై పేరు. పుణె, విశాఖ, హైదరాబాదు అనే మూడు నగరాల అనుభవంలోనూ నగరనామం సులభంగా చెరిగిపోయే పదంగానే మిగిలింది.

8. ముగింపు

ఈ పరిశీలననుండి కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

ఒకటి: హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ప్రతిభ కొరత ఎన్నడూ ప్రధానసమస్య కాలేదు. ప్రతిభను నిలిపి ఉంచే సంస్థ లేకపోవడమే 1950ల తరువాతి క్షీణతకు, 2023 తరువాతి పతనానికి ఉమ్మడి కారణం.

రెండు: శాఖాజట్టు ఆటగాడికి భద్రతనిచ్చింది, అభిమానికి హక్కునివ్వలేదు. ఫ్రాంచైజీ ఆటను పెద్ద వేదికపైకి తెచ్చింది, ఆటగాడి భద్రతను యజమాని జేబుతో ముడిపెట్టింది, అభిమానిని కొనుగోలుదారుగా మార్చింది. సభ్యత్వ క్లబ్బు తన లోపాలతో కూడ, నిలదీసే చోటును మిగిల్చింది. మోహన్‌బగాన్ అభిమానులు తమ పేరును తిరిగి తెచ్చుకోగలగడానికి, హైదరాబాదు అభిమానులు తమ జట్టును ఆపుకోలేకపోవడానికి ఉన్న తేడాలో సంఖ్యాబలంతోపాటు ఈ సంస్థాగత భేదానికీ పాత్ర ఉంది.

మూడు: తెలుగు రాష్ట్రాల్లో మళ్లీ ఒక అగ్రశ్రేణి క్లబ్బు ఏర్పడే సందర్భంలో మూడు షరతులను ముందుగానే చర్చించాలి. ఆటగాళ్ల కొన్నినెలల జీతానికి సమానమైన మొత్తాన్ని విడిగా పూచీగా ఉంచడం మొదటిది. ప్రభుత్వ స్టేడియాన్ని ఇచ్చే ఒప్పందంలోనే తరలింపుపై ఆంక్ష చేర్చడం రెండవది. క్లబ్బు పేరు, రంగులు, చిహ్నం, నగరం మార్చే విషయంలో నమోదైన అభిమానసంఘానికి ఓటు కల్పించడం మూడవది. వీటిలో రెండవదానికి కొత్త చట్టం కూడ అవసరం లేదు. స్టేడియం ప్రభుత్వానిదైనపుడు షరతు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది.

పరిశోధకులు చేయవలసిన పని కూడ మిగిలి ఉంది. పోలీసు జట్టు నియామకాల దస్త్రాలు, జిల్లా ఫుట్‌బాల్ సంఘాల కార్యవర్గ నివేదికలు, క్లబ్బు కంపెనీల వార్షికపత్రాలు, వృద్ధ క్రీడాకారుల మౌఖికకథనాలు ఒకచోట చేరితేనే తెలుగునేల ఫుట్‌బాల్ ఆర్థికచరిత్ర రూపుదిద్దుకుంటుంది. 2023 ఫిబ్రవరిలో బలరాం, అదే ఏడాది ఆగస్టులో హబీబ్ కన్నుమూశారు. ఆ తరం జ్ఞాపకాలను నమోదు చేసుకోవడానికి మిగిలిన వ్యవధి స్వల్పం.